డాష్‌బోర్డు పుట్టుపూర్వోత్తరాలు

డాష్‌బోర్డు అనే మాట మొదట గుర్రపుబండికి సంబంధించినది. పంతొమ్మిదవ శతాబ్దములో ఐరోపా, అమెరికా దేశాలలో బండి తోలేవాని ముందు ఒక చెక్కనో, తోలు తొడిగిన పలకనో అడ్డముగా బిగించేవారు. పరుగెత్తే గుర్రాల డెక్కల నుండి ఎగిరే బురద లోపలి వారి మీద పడకుండా కాపాడుటయే దాని పని. మోటారుకారు వచ్చిన తరువాత గుర్రము పోయినది, పలక మిగిలినది. తోలేవాని కంటికి ఎదురుగా ఉన్న చోటు గనుక వేగమును, పెట్రోలును, ఇంజను వేడిని తెలిపే ముళ్లను దాని మీద అమర్చినారు. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఆ పేరే కంప్యూటరు తెరకు ఎక్కినది.

ఈనాటి పెద్ద కార్యాలయాలలో ఉద్యోగుల అవసరాలను చూచుటకు ‘సర్వీస్ డెస్కు’ అనే విభాగము ఉంటుంది. కంప్యూటరు చెడిపోయినా, ప్రింటరు పని చేయకపోయినా, కొత్త ఉద్యోగికి లాప్‌టాప్ కావలసినా ఆ విభాగమునకు తెలుపుతారు. వచ్చిన ప్రతి విన్నపమునకు సాఫ్ట్‌వేరు ఒక నంబరు వేసి, అది ఎప్పుడు వచ్చినది, ఎవరికి అప్పగించినది, ఎప్పుడు తీరినది నమోదు చేస్తుంది. దీనికి ‘టికెట్టు’ అని పేరు. ఎన్ని టికెట్లు మిగిలి ఉన్నవి, ఒక్కొక్కటి తీరుటకు సగటున ఎన్ని గంటలు పట్టినది, ఏ శాఖలో ఇబ్బంది ఎక్కువ అనే సంగతులు ఒకే తెర మీద అంకెలుగా, గీతలుగా, రంగులుగా కనిపిస్తవి. ఆ తెరయే డాష్‌బోర్డు.

అయితే కారు పలకకు, ఈ తెరకు ఒక ముఖ్యమైన భేదము కలదు. కారులో వేగము చూపే ముల్లు తిరిగే చక్రముతో నేరుగా ముడిపడి ఉన్నది. కార్యాలయపు తెర మీది అంకె వెనుక మాత్రము అనేక రిజిస్టర్లు ఉన్నవి. టికెట్ల జాబితా ఒకటి, ఉద్యోగుల జాబితా వేరొకటి, పరికరాల జాబితా మరొకటి. వాటిని వ్రాసేవారు వేరు, వ్రాసే పద్ధతులు వేరు. వాటినన్నిటిని కలిపితే గాని తెర మీద ఒక్క అంకె పుట్టదు. కలపడములో పొరపాటు జరిగితే తెర ఎంత అందముగా ఉన్నా అది చెప్పేది అబద్ధమే అవుతుంది. వేర్వేరు లెక్కలను తప్పు లేకుండా కలుపుట ఎట్లు అన్న ప్రశ్నకు మూడువందల అరవై ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది.

చిట్టా నుండి ఆవర్జాకు

తెలుగుదేశపు వర్తకులకు ఈ పని కొత్తది కాదు. ఏ రోజుకు ఆ రోజు జరిగిన బేరము చిట్టాలో వరుసగా పడుతుంది. ఆ పద్దులనే తరువాత ఆసామి పేరున, సరుకు పేరున విడదీసి ఆవర్జాకు ఎక్కిస్తారు. చిట్టా జరిగినదానిని చెబుతుంది. ఆవర్జా ఎవరి నుండి ఎంత రావలెనో చెబుతుంది. ఒకే పద్దు రెండుసార్లు ఎక్కినా, అసలు ఎక్కకపోయినా బాకీ తప్పుతుంది.

ఇట్టి పనిని ఒక మహానగరపు జననమరణాలకు వర్తింపజేసినవాడు జాన్ గ్రాంట్. ఇతడు లండన్ నగరములో బట్టల వర్తకుడు. ఆ నగరములో ప్రతి వారము ఏ పేటలో ఎందరు చనిపోయినది, ఏ కారణమున చనిపోయినది అచ్చువేసి అమ్మేవారు. కొన్నవారు ప్లేగు హెచ్చినదో తగ్గినదో చూచుకొని ఆ కాగితమును మరచిపోయేవారు. గ్రాంట్ అనేక సంవత్సరాల కాగితాలను ఒకచోట చేర్చి, పట్టికలుగా కూర్చి, 1662లో ఒక పుస్తకము ప్రకటించినాడు. సంఖ్యాశాస్త్రమునకు అది తొలి గ్రంథాలలో ఒకటి.

గ్రాంట్ చేసినది కూడిక మాత్రమే కాదు. ఒక పట్టికను మరొక పట్టికతో తనిఖీ చేసినాడు. 1625 లండన్‌లో ప్లేగు చెలరేగిన సంవత్సరము. మామూలు సంవత్సరాలలో ఇతర కారణాల వలన చనిపోయేవారు 7, 8 వేలు ఉండగా, ఆ ఏడు ప్లేగు కాని చావులే 18 వేలకు పైగా నమోదైనవి. ఇతర రోగాలన్నీ అదే ఏడు ఎందుకు విజృంభించవలెను? ప్లేగు చావులలో చాలా భాగము వేరే పేర్ల క్రింద వ్రాయబడినదని గ్రాంట్ గ్రహించినాడు. అసలు ప్లేగు చావులు ప్రకటించినదానికన్న నాలుగవ వంతు ఎక్కువ ఉండవచ్చునని అంచనా వేసినాడు. చావు కారణమును చూచి చెప్పే పని వృద్ధస్త్రీలది. ఇంటివారు ముట్టజెప్పే సొమ్ముకు లొంగి వారు అపకీర్తి తెచ్చే రోగాల పేర్లు దాచేవారని కూడ అతడు వ్రాసినాడు. నమోదు చేసే చోటనే అంకె వంకర పోవచ్చునన్నది ఈ చరిత్రలో మొదటి పాఠము.

అంకెకు రూపము

పట్టికలోని అంకెలను కంటికి కనిపించే బొమ్మగా మార్చినవాడు స్కాట్లండు దేశస్థుడు విలియం ప్లేఫేర్. ఇతడు 1786లో ప్రకటించిన అట్లాసులో ఇంగ్లండు ఎగుమతి, దిగుమతుల హెచ్చుతగ్గులను సంవత్సరముల వెంబడి గీతలుగా చూపినాడు. స్కాట్లండు వర్తకమునకు మాత్రము ఒక్క సంవత్సరపు లెక్కలే దొరికినవి. ఒక్క ఏటితో గీత సాగదు గనుక, దేశముల వారీగా పట్టీలు గీసినాడు. ఈనాడు ప్రతి డాష్‌బోర్డు మీద కనిపించే పట్టీల చిత్రము ఈ విధముగా లెక్కల కొరతలో పుట్టినది. వృత్తమును ముక్కలుగా కోసి వాటాలు చూపే పద్ధతి కూడ ప్లేఫేర్‌దే. అది 1801 నాటిది.

పేరు ఒకటైతేనే లెక్క ఒకటి

ఇంగ్లండు, వేల్సులలో జననమరణాలను ప్రభుత్వము నమోదు చేయుట 1837లో ఆరంభమైనది. ఆ కార్యాలయములో లెక్కలు కూర్చుటకు నియమితుడైన వైద్యుడు విలియం ఫార్. దేశము నలుమూలల నుండి వచ్చే పత్రాలలో అతనికి ఎదురైన చిక్కు కూడికలది కాదు, పేర్లది. ఒకే రోగమును ఒక ఊరిలో ఒక పేరుతో, మరొక ఊరిలో మరొక పేరుతో వ్రాసేవారు. ఒకే పేరు క్రింద రెండు మూడు రోగాలు ఇమిడి ఉండేవి. కొన్ని చోట్ల రోగమునకు బదులు దాని చివరి లక్షణమే వ్రాసేవారు. ఇట్టి పత్రాలను ఎంత శ్రద్ధతో కూడినా వచ్చే మొత్తమునకు అర్థము లేదు. భౌతికశాస్త్రమునకు తూనికలు, కొలతలు ఎట్టివో లెక్కలకు పేర్లు అట్టివని ఫార్ గట్టిగా వాదించినాడు.

1853లో బ్రసెల్స్ నగరములో జరిగిన ప్రథమ అంతర్జాతీయ గణాంక మహాసభ, అన్ని దేశాలు వాడదగిన రోగనామాల పట్టికను కూర్చే పనిని ఫార్‌కు, జెనీవా వైద్యుడు మార్క్ డెస్పీన్‌కు అప్పగించినది. 1893లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాక్ బెర్తియాన్ ఆ పనిని ముందుకు తీసుకొని పోయినాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహించే అంతర్జాతీయ రోగ వర్గీకరణము దాని సంతతియే. దాని పదకొండవ కూర్పు 2022లో అమలులోనికి వచ్చినది.

స్కుటారి ఆసుపత్రి

లెక్కలు కలవకపోతే మనుష్యులకు ఏమి నష్టము? ఈ ప్రశ్నకు క్రిమియా యుద్ధము జవాబు చెప్పినది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1854 నవంబరులో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరినది. అక్కడ రోగుల దుస్థితితో పాటు కాగితాల దుస్థితి కూడ ఆమె కంటబడినది. చావులను మూడు వేర్వేరు రిజిస్టర్లలో వ్రాసేవారు. మూడింటి మొత్తాలు మూడు విధాలుగా ఉండేవి. ఏ రిజిస్టరులోను పేరు లేకుండ పాతిపెట్టబడిన సైనికులు అనేకులు.

1856లో స్వదేశమునకు తిరిగి వచ్చిన తరువాత ఆమె ఫార్ సహాయముతో ఆ లెక్కలను చక్కదిద్దినది. ప్రతి నెల సైన్యములో ఎందరు ఉన్నారన్నది ఒక పట్టిక. ఏ కారణముతో ఎందరు చనిపోయినారన్నది మరొక పట్టిక. ఈ రెండింటిని నెల వెంబడి జతపరచినప్పుడు దాగిన నిజము బయటపడినది. 1855 జనవరిలో సైన్యపు సంఖ్య 32,393. ఆ ఒక్క నెలలో గాయముల వలన చనిపోయినవారు 83 మంది. జ్వరములు, కలరా, విరేచనములు మొదలగు నివారింపదగిన రోగముల వలన చనిపోయినవారు 2,761 మంది. ఇతర కారణములకు బలియైనవారు 324 మంది. ఆ నెలలోని రోగపు చావులను ఏడాది లెక్కకు పెంచి చూస్తే, వెయ్యిమందికి వెయ్యికి మించుతుంది. అనగా అదే తీరు కొనసాగి ఉంటే, సైన్యము మొత్తము ఒక్క ఏటిలో రోగములకే చెల్లిపోయేది. శత్రువు తుపాకీ కన్న మురికికాలువ ఎక్కువమందిని చంపినదన్నమాట.

ఈ సంగతిని మంత్రులకు, పార్లమెంటు సభ్యులకు ఒక్క చూపులో తెలియజేయుటకు ఆమె 1858లో ఒక చిత్రమును ప్రకటించినది. వృత్తమును పన్నెండు నెలలకు పన్నెండు సమాన కోణాలుగా విభజించి, ప్రతి కోణములో రోగపు చావులను నీలిరంగుతోను, గాయపు చావులను ఎరుపుతోను, తక్కినవానిని నలుపుతోను కేంద్రము నుండి కొలిచి చూపినది. ఇందులో సంఖ్యను చూపేది వైశాల్యము, పొడవు కాదు. చావులు నాలుగు రెట్లైతే వ్యాసార్ధము రెండు రెట్లే పెరుగుతుంది. శాంతికాలములో సైతము బారకాసులలోని యువసైనికుల మరణాలు అదే వయస్సుగల పౌరుల మరణాలకు దాదాపు రెట్టింపని కూడ ఆమె పోల్చి చూపినది. ఆ ఏడే లండన్ గణాంకశాస్త్ర సంఘము ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొన్నది. ఆ గౌరవము పొందిన తొలి స్త్రీ ఆమెయే.

ఆసుపత్రులన్నీ ఒకే తీరు పత్రాలు నింపవలెనని 1860లో లండన్ మహాసభ ముందు ఆమె ఒక పథకమును ఉంచినది. కొన్ని ఆసుపత్రులు దానిని ప్రయోగించినవి గాని అది స్థిరపడలేదు. పత్రాలు నింపుటకు చాలా శ్రమ, ఖర్చు కావలసి వచ్చినవి. పై అధికారికి ఎంత వివరము కావలసినా, క్రింద నింపేవానికి తీరిక ఉన్నంతవరకే ఆ వివరము నిలుస్తుంది. సర్వీస్ డెస్కులో ఒక్కొక్క టికెట్టుకు ముప్పై గడులు పెట్టేవారు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

చిల్లులు పడిన కార్డులు

జనాభా పెరిగిన కొద్దీ కూడికలు చేతిపనికి లొంగలేదు. అమెరికాలో 1880 జనాభా లెక్కలను కూర్చి ముగించుటకు ఏడేండ్ల పైగా పట్టినది. ఇట్లే సాగితే ఒక లెక్క ముగియకముందే మరొకటి వచ్చిపడుతుంది. హెర్మన్ హోలెరిత్ అనే ఇంజనీరు ఇందుకు ఒక ఉపాయము కనిపెట్టి 1889లో పేటెంటు పొందినాడు. మనిషికి ఒక అట్టకార్డు; వయస్సు, స్త్రీపురుష భేదము, జన్మస్థలము, వృత్తి మొదలగు ప్రతి వివరమునకు నిర్ణీతమైన చోట ఒక చిల్లు. కార్డును యంత్రములో పెట్టి పిడి దించితే సూదులు దిగుతవి. చిల్లు ఉన్నచోట సూది దూరి క్రింది పాదరసమును తాకుతుంది. విద్యుత్ప్రవాహము సాగి ఆ వివరమునకు చెందిన ముల్లు ఒక అంకె ముందుకు జరుగుతుంది. ఆ యంత్రపు ముఖము మీద అట్టి ముళ్లపలకలు నలభై ఉండేవి. లెక్క సాగుతుండగా అంకెలు కంటి ఎదుట కదిలే పలకను చూడదలచినవారు 1890 నాటి ఈ యంత్రము బొమ్మను చూడవలెను.

విడివిడి చిల్లులను లెక్కించుట ఒక ఎత్తు, వాటిని జతపరచుట మరొక ఎత్తు. తీగెలను తగిన విధముగా కలిపితే ‘విదేశములో పుట్టిన స్త్రీలు’ వంటి రెండు షరతులు గల లెక్క కూడ ఒకే విడతలో వచ్చేది. హోలెరిత్ 1896లో స్థాపించిన కంపెనీ 1911లో మరికొన్నింటితో కలిసి, 1924లో ఐ.బి.ఎం. అనే పేరు దాల్చినది.

భారతదేశములో ఇదే చిక్కును యంత్రము లేకుండ విడదీసినారు. 1901 జనాభా లెక్కలలో, జర్మనీలోని బవేరియా నుండి వచ్చిన చీటీల పద్ధతిని ప్రవేశపెట్టినారు. ఇంటింటి పట్టికల నుండి మనిషికి ఒక చీటీ చొప్పున వ్రాసి, మతమునకొక రంగు కాగితము వాడి, చీటీలను గూళ్లలోనికి విడదీసి లెక్కించేవారు. సుమారు 29 కోట్ల 40 లక్షల జనము లెక్క ఇట్లు గుమాస్తాల చేతుల మీదుగా తేలినది. యంత్రమైనా, గూడైనా సూత్రము ఒక్కటే: మనిషికి ఒక్క చీటీ, ఒక్కటి మాత్రమే.

కాడ్ పట్టికలు

కంప్యూటర్లు వచ్చిన తొలి రోజులలో ప్రతి శాఖ తన లెక్కలను తన ఇష్టము వచ్చిన అమరికలో దాచుకొన్నది. రెండు శాఖల లెక్కలు కలపవలెనంటే ప్రత్యేకముగా ఒక ప్రోగ్రాము వ్రాయవలసి వచ్చేది. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పని చేస్తున్న ఎడ్గార్ కాడ్ ఒక వ్యాసములో సమస్త సమాచారమును సాదా పట్టికలుగా ఉంచవచ్చునని, ఉమ్మడి నంబరు ఆధారముతో ఏ రెండు పట్టికలనైనా జోడించవచ్చునని గణితరీత్యా చూపినాడు. ఆ భావము మీదనే 1970 దశకములో ఎస్.క్యూ.ఎల్. అనే ప్రశ్నల భాష పుట్టినది. ఈనాటి డాష్‌బోర్డులలో చాలా వాటి అడుగున అది పని చేస్తూనే ఉన్నది.

జోడింపు సులభమైనది, అందులోని ప్రమాదము కూడ అంతే సులభముగా వస్తుంది. 27వ నంబరు ఉద్యోగి 3 టికెట్లు, 41వ నంబరు ఉద్యోగి 2 టికెట్లు పంపినారనుకోవచ్చును. మొత్తము 5. పరికరాల పట్టికలో 27కు లాప్‌టాప్, ఫోను రెండు ఉన్నవి. 41కి లాప్‌టాప్ ఒక్కటే. టికెట్ల పట్టికను, పరికరాల పట్టికను ఉద్యోగి నంబరుతో జోడించి వరుసలు లెక్కిస్తే 27వాని 3 టికెట్లు రెండేసి సార్లు వచ్చి 6 అవుతవి. 41వాని 2తో కలిపి 8. కంప్యూటరు కూడిక తప్పలేదు; చిట్టాలోని ఒక పద్దు ఆవర్జాకు రెండుసార్లు ఎక్కినది. టికెట్టు మీదనే ఏ పరికరము చెడినదో ఆ పరికరపు నంబరు వ్రాసి ఉంటే ఈ చిక్కు రాదు.

దీనికి విపర్యయము కూడ కలదు. ఉద్యోగము మాని వెళ్లినవాని పేరును ఉద్యోగుల పట్టిక నుండి కొట్టివేస్తే, రెండు పట్టికలలోను ఉన్న నంబర్లనే గ్రహించే జోడింపులో వాని టికెట్లు కూడ మాయమవుతవి. స్కుటారిలో రిజిస్టరుకు ఎక్కని సైనికుల వలె అవి లెక్కకు అందవు.

శాంటియాగోలోని గది

ఒక దేశపు పరిశ్రమలన్నిటిని ఒక గది నుండి చూడవలెనన్న ప్రయత్నము దక్షిణ అమెరికాలోని చిలీ దేశములో జరిగినది. 1971లో అక్కడి ప్రభుత్వము స్టాఫర్డ్ బీర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుని ఆహ్వానించినది. కర్మాగారముల నుండి టెలెక్సు ద్వారా వచ్చే ఉత్పత్తి వివరాలను రాజధాని శాంటియాగోలోని ఒక కంప్యూటరు పరిశీలించి, మామూలు తీరు తప్పినవానిని ఎత్తి చూపేది. ఏడు కుర్చీలు, గోడల మీద తెరలు గల ఆరు పలకల గది నమూనా 1972లో తయారైనది. 1972 అక్టోబరులో లారీల సమ్మె జరిగినప్పుడు ప్రభుత్వమునకు ఎక్కువగా అక్కరకు వచ్చినది ఆ గది కాదు, వార్తలను వెంటనే చేరవేసిన టెలెక్సు జాలము. తెరల మీది పటాలలో చాలా భాగము చేతితో గీసిన స్లైడులే. 1973 సెప్టెంబరు 11న సైనిక తిరుగుబాటుతో ఆ ప్రయత్నము అంతమైనది.

తెర కన్న తెరకు వచ్చే దారి ముఖ్యమన్న సంగతి తరువాతి వారికి బోధపడినది. వేర్వేరు శాఖల లెక్కలను ముందుగా ఒకే కొలతకు, ఒకే పేర్లకు తెచ్చి, వేరుగా ఒక గిడ్డంగిలో నిలువచేసి, నివేదికలను దాని నుండి మాత్రమే తీయవలెనని బారీ డెవ్లిన్, పాల్ మర్ఫీలు 1988లో ప్రతిపాదించినారు. దీనికి ‘డేటా వేర్‌హౌస్’ అని పేరు. ఇంచుమించు అదే కాలములో బ్రిటిషు ప్రభుత్వము కంప్యూటరు సేవల నిర్వహణకు ఐ.టి.ఐ.ఎల్. అనే మార్గదర్శక గ్రంథమాలను వెలువరించినది. సేవకు కలిగిన అంతరాయము ఒకటి, దానికి మూలకారణమైన లోపము వేరొకటి అని అది నిర్వచించినది. ఒక సర్వరు చెడిపోయి వందమంది ఫిర్యాదు చేస్తే అంతరాయములు వంద, లోపము ఒక్కటి. ఫార్ రోగములకు కోరినది ఈ గ్రంథమాల యంత్రములకు కోరినది.

సగటుల సగటు

పేర్లు కుదిరి, జోడింపు సరిపడిన తరువాత కూడ ఒక మడుగు మిగిలి ఉన్నది. ఒక శాఖలో 10 టికెట్లు సగటున 2 గంటలలో తీరినవి. మరొక శాఖలో 90 టికెట్లు సగటున 10 గంటలలో తీరినవి. రెండు సగటులను కూడి రెండుతో భాగిస్తే 6 గంటలు వస్తుంది. అసలు పట్టిన కాలము 20, 900 కలిసి 920 గంటలు. 100 టికెట్లకు సగటు 9.2 గంటలు. తెర మీద 6 అని చూచిన అధికారి సంతృప్తి పడవచ్చును, పది గంటలు కాచుకొన్న తొంభైమంది మాత్రము పడరు.

ఇంతేకాక, ఒక శాఖ మరమ్మతుదారు పని ముగించగానే టికెట్టు తీరినట్లు వ్రాసి, మరొక శాఖ ఉద్యోగి ఒప్పుకొన్న తరువాతనే వ్రాస్తే ఆ రెండింటి గంటలను కలుపుటయే తగదు. తీరిన టికెట్ల సంఖ్యను బట్టి మెప్పు లభిస్తే, తీరకముందే మూసివేసే ఆశ కూడ పుడుతుంది. గ్రాంట్ కాలపు వృద్ధస్త్రీల చేతిలో పడిన సొమ్ము వంటిదే ఇది.

పాఠశాలలో ఒక పరీక్ష

ఈ సంగతులను తరగతిలో చూపుటకు కంప్యూటరు అక్కరలేదు. హాజరుపట్టీ ఒకటి, మార్కుల పట్టీ ఒకటి తీసుకొని పేర్లను బట్టి జతపరచమని విద్యార్థులకు చెప్పవచ్చును. ఇద్దరు శ్రీనివాసులున్న తరగతిలో ఒకని మార్కులు మరొకని హాజరుకు అంటుకొంటవి. ఒక పట్టీలో ఇంటిపేరు ముందు, మరొక పట్టీలో వెనుక వ్రాసి ఉంటే ఒక్క విద్యార్థియే ఇద్దరవుతాడు. మధ్యలో బడి మారిన విద్యార్థి ఒక పట్టీలో ఉండి మరొకదానిలో ఉండడు. అదే పనిని ప్రవేశపు నంబరుతో చేయిస్తే చిక్కులలో చాలా భాగము తొలగుతుంది. మిగిలినవానిని వేరుగా వ్రాసి, ఎందుకు మిగిలినవో కనుగొనవలెను. ఆ మిగిలిన పేర్ల జాబితాను పారవేయక మొత్తము ప్రక్కనే చూపుట నిజాయితీ గల నివేదికకు గుర్తు.

ఎన్నింటిని కలిపినారు, ఏ నంబరుతో కలిపినారు, ఏవి కలవకుండ మిగిలినవి అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగల అంకెను నమ్మవచ్చును. జవాబు చెప్పలేని అంకె ఏ రంగులో మెరిసినా, దాని వెనుక ఉన్న రిజిస్టర్లను మరొకసారి తెరిచి చూడవలసినదే.